జీఐ పైపు అతికిన రోజు రాత్రి చలిజ్వరం, రక్తంలో మలేరియా లేదంటున్నారు

గుణుపురం గ్రిల్స్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. పదకొండేళ్లుగా చిన్న వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. గ్రిల్స్, గేట్లు, షట్టర్ రిపేర్లు, ట్రాక్టర్ ట్రాలీలు, ఈ మధ్య స్టీలు రెయిలింగులు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా వైపు రేకులు ఎగరగొట్టేసింది కదా, అప్పట్నుంచి షెడ్డు వేయించుకునేవాళ్లు తుప్పు పట్టని జీఐ పైపే, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపే కావాలంటున్నారు. అలా నా పనిలో సగం జీఐ అయిపోయింది.

జీఐ పని ఎక్కువ చేసిన రోజు రాత్రి నాకు జ్వరం వస్తోంది. మధ్యాహ్నానికే నోరంతా అదో రకం తీపి, ఇనుప మేకు చప్పరించినట్టు ఉంటుంది. అన్నం సహించదు, దాహం తీరదు. రాత్రి ఏడెనిమిది గంటలకి ఒళ్లు నొప్పులు మొదలై, ఆ తర్వాత పళ్లు టకటకలాడే చలి. రెండు దుప్పట్లు కప్పినా ఆగదు. తెల్లారగట్ల చెమట పట్టి దిగిపోతుంది. మర్నాడు మధ్యాహ్నానికి మామూలు మనిషినే. మా వైపు చలిజ్వరం అంటే చిన్నపిల్లాడు కూడా మలేరియా అనే అంటాడు. మూడుసార్లు రక్తం ఇచ్చాను, మూడుసార్లూ లేదన్నారు. ఒకసారి లేదని కాగితం మీద ఉన్నా, ఎందుకైనా మంచిదని మాత్రల కోర్సు రాసిచ్చారు. వాడాను. వారం తిరక్కుండా మళ్లీ అదే జ్వరం.

నాకు అర్థం కానిది ఇంకోటి ఉంది. ఇది ఎక్కువగా సోమవారం రాత్రే వస్తోంది. ఆదివారం షాపు మూస్తాం. మొన్న ఒడియావాళ్ల రజో పండగకి మూడు రోజులు మూసి, తెరిచిన రోజే పెద్ద షెడ్డు పని పెట్టుకున్నాం. ఆ రాత్రి నాకూ, నా దగ్గర పని చేసే బావమరిదికీ ఒకేసారి వచ్చింది. వాడికి ఇరవై రెండేళ్లు, ఐటీఐ చేశాడు. నాకన్నా వాడికే ఎక్కువ వచ్చింది. అసలు ఆ రోజు వాడు వెల్డింగ్ రాడ్డు హోల్డరు పట్టనే లేదు, పైపు అవతలి కొస పట్టుకుని నిలబడ్డాడంతే. నా భార్య ఆ రాత్రంతా భర్తకీ తమ్ముడికీ మధ్య తిరుగుతూనే ఉంది. తెల్లారాక, "దీని సంగతి తేల్చండి, లేకపోతే ఈ పని మానేయండి" అంది.

షాపు పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు. పైన రేకు, పది పదకొండడుగుల ఎత్తు. ముందు షట్టరు ఒకటే దారి. వెనక గోడ అవతల వేరేవాళ్ల ఇల్లు, కిటికీ లేదు. వానాకాలం జల్లు కొడుతుందని షట్టరు సగం దించి పని చేస్తాం. పెడస్టల్ ఫ్యాను ఒకటి ఉంది, నా వీపు వెనక పెట్టుకుంటాను.

ఇది పొగ వల్లేనా? పాలు తాగితే, బెల్లం తింటే పొగ దిగిపోతుందంటారు, నిజమేనా? ఇంత చిన్న షాపులో పొగ బయటికి పోవాలంటే ఏం చేయాలి?

పర్లాకిమిడి లారీ బాడీ:

తమ్ముడూ, కంగారు పడకు. జీఐ పట్టిన ప్రతివాడికీ వచ్చేదే ఇది. నాకూ కొత్తలో వచ్చేది. సోమ మంగళవారాలు ఓర్చుకుంటే బుధవారానికి ఒళ్లు అలవాటు పడిపోతుంది, ఆ తర్వాత ఎంత పని చేసినా రాదు. నేను ముక్కుకి తడి తువ్వాలు కట్టుకుంటాను. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు పాలు. ఇరవై ఏళ్లుగా అలాగే లాగిస్తున్నాను.

పాత కట్టరు, రాయగడ:

బాబూ, నీ ప్రశ్న పొద్దున చదివాను. మధ్యాహ్నం దాకా మనసులో అదే మెదిలింది, అందుకే కూర్చుని వివరంగా రాస్తున్నాను. నేను పదహారో ఏట రాయగడలో హెల్పరుగా చేరాను. ముప్పై నాలుగేళ్లు ఆర్కు, గ్యాసు కటింగు చేశాను. ఇప్పుడు మజ్జిగౌరమ్మ గుడికి నడిచి వెళ్తే దారిలో రెండు చోట్ల ఆగి ఊపిరి తీసుకోవాలి. నీకూ నీ బావమరిదికీ ఆ స్థితి రాకూడదని రాస్తున్నాను.

నువ్వు చెప్పిన ఆనవాళ్లన్నీ పొగ జ్వరానివే. డాక్టర్లు మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. జీఐ మీద ఉన్న పూత జింకు. అది 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 దగ్గర మరిగి ఆవిరైపోతుంది. ఇనుము కరగాలంటే 1500 డిగ్రీల దాకా వెళ్లాలి. అంటే నీ రాడ్డు కింద ఇనుము ఇంకా కరగకముందే దాని మీది జింకు గాలిలో కలిసిపోతోంది. గాలి తగలగానే తెల్లటి పొడి అవుతుంది. జీఐ మీద రాడ్డు పెట్టగానే లేచే ఆ దట్టమైన తెల్ల పొగ, దూదిపింజల్లా ఎగిరి ఫ్యాను రెక్కల మీదా సాలెగూళ్ల మీదా వాలే నూగు, అంతా అదే. కంటికి కనపడే పింజలు పెద్దవి. ఊపిరిలోకి పోయేవి మైక్రాన్ కన్నా చిన్నవి, వాటిని ముక్కు ఆపలేదు, నేరుగా ఊపిరితిత్తుల అడుగుకి పోతాయి. పీల్చిన నాలుగు నుంచి పది గంటల తర్వాత ఒళ్లు తిరగబడుతుంది. పగలు పీల్చినదానికి రాత్రి చలి వస్తుంది కాబట్టి ఎవరికీ పని మీద అనుమానం రాదు. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది కాబట్టి ఏ మాత్ర వేసుకుంటే ఆ మాత్రే తగ్గించిందనుకుంటాం.

సోమవారం సంగతికి వస్తాను. పర్లాకిమిడి అన్నగారు చెప్పిన అలవాటు నిజంగానే ఉంది. రోజూ పీలుస్తుంటే ఒళ్లు కొంత ఓర్చుకుంటుంది, ఒకటి రెండు రోజులు దూరంగా ఉంటే ఆ ఓర్పు పోతుంది. అందుకే ఆదివారం తర్వాత సోమవారం, అందుకే రజో మూడు రోజుల తర్వాత ఇంకా గట్టిగా. ఇత్తడిలోనూ జింకు ఉంటుంది కదా, ఇంగ్లండులో పోతపని చేసేవాళ్లకి ఇదే వచ్చేది. ఇత్తడి పోతగాళ్ల చలిజ్వరం అని నూరేళ్ల కిందటే దానికి పేరు పెట్టారు. మన శ్రీకాకుళం వైపు బుడితిలో గానీ, గంజాం వైపు బెల్లగుంఠలో గానీ ఇత్తడి కరిగించేవాళ్ల ముందు లేచేదీ ఈ తెల్ల పొగే. అన్నగారూ, మీ మాట కొట్టేస్తున్నానని అనుకోకండి. గురువారం జ్వరం రాలేదంటే గురువారం పొగ లోపలికి పోలేదని కాదు. అది పోతూనే ఉంది. ఒళ్లు చెప్పడం మానేసిందంతే. జింకు ఒక్కటే అయితే జ్వరంతో వదులుతుంది. రాడ్డు పొగలో మాంగనీసు ఉంటుంది, అది ఏళ్ల తరబడి లోపలికి పోతే నరాల మీద పడుతుంది, చేతులు వణుకుతాయి, నడక మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగను క్యాన్సర్ తెస్తుందని తేలిన మొదటి వర్గంలో చేర్చింది. సిగరెట్టు పొగ ఉన్నది కూడా ఆ వర్గంలోనే.

నీ బావమరిదికి ఎందుకు ఎక్కువ వచ్చిందో నువ్వు రాసిన మాటలోనే ఉంది. జీఐ పైపుకి లోపల కూడా జింకు పూత ఉంటుంది. నువ్వు ఇక్కడ కాలుస్తుంటే లోపలి పూత ఆవిరై, పైపు పొగగొట్టంలా పనిచేసి, అవతలి కొస నుంచి బయటికి వస్తుంది. ఆ కొస దగ్గర ఎవరి మొహం ఉంటే వాళ్ల ఊపిరిలోకి పోతుంది. నీకు హెల్మెట్టు అడ్డమైనా ఉంది, వాడికి అదీ లేదు. ఇకనుంచి కొస పట్టుకోవడానికి మనిషిని నిలబెట్టకు. స్టాండు చేసుకో, పైపు నోరు షట్టరు వైపు తిప్పి పెట్టు. గుడ్డతో గానీ మూతతో గానీ ఆ నోరు బిగించవద్దు, లోపలి వేడి గాలికి దారి ఉండాలి.

పొగను తోలడం కన్నా ముందు పొగ పుట్టకుండా చూడు. అతుకు పడే చోట అటూ ఇటూ రెండేసి అంగుళాలు జింకును గ్రైండరు మీద ఫ్లాప్ డిస్కుతో గీకేసి, ఇనుము మెరిసేదాకా తీసి, అప్పుడు రాడ్డు పెట్టు. తెల్ల పొగ ఎంత తగ్గిపోతుందో నీ కళ్లతో చూస్తావు. అతుకు కూడా బాగా కుదురుతుంది, చిటపటలు, బెజ్జాలు తగ్గుతాయి. గీకేటప్పుడు రేగే ధూళికి మాస్కు, కళ్లద్దాలు తప్పవు. పని అయ్యాక అక్కడ జింకు పెయింటు రెండు కోట్లు వేస్తే తుప్పు భయం ఉండదు. దీనికి టైము పడుతుంది, నాకు తెలుసు. షెడ్డు రేటు చెప్పేటప్పుడే ఆ గంటలు కలుపుకో.

ఫ్యాను వీపు వెనక పెట్టుకుంటున్నానన్నావు. నేను చేసిన తప్పూ అదే. ఒక గోడౌనులో నీళ్ల ట్యాంకు స్టాండు, మొత్తం జీఐ. గాలి కోసం పెద్ద ఫ్యాను నా వెనక పెట్టించుకున్నాను. వీపు చల్లగా ఉంది, పొగ ముందుకు పోతోందనుకున్నాను. ఆ రాత్రి నేను పడ్డ చలిని మా అమ్మ తను చనిపోయేదాకా మరిచిపోలేదు. రెండు రోజుల తర్వాత అక్కడి ఫోర్‌మన్ ఒక అగరొత్తి వెలిగించి, నన్ను అలాగే ఫ్యానుకి వీపు పెట్టి వంగమని, దాన్ని నా ఛాతీ ముందు పట్టుకున్నాడు. పొగ ముందుకు పోలేదు. గిర్రున తిరిగి నా గడ్డం మీదుగా ముక్కు దగ్గరికి వచ్చింది. నాగావళిలో బండరాయి దిగువన నీళ్లు వెనక్కి సుడి తిరగడం చూశావు కదా, గాలికి మన ఒళ్లు అలాంటి బండరాయే. ఫ్యాను పక్క నుంచి రావాలి. ఎడమ చెంపకి గాలి తగిలి కుడి వైపు నుంచి పొగ పోవాలి, ఆ పోయే దారిలో ఇంకో మనిషి ఉండకూడదు. నీ షాపులో గాలి షట్టరు నుంచి వెనక్కి నడవాలి కాబట్టి, బల్ల పక్క గోడకి ఆనించి పెట్టి, ఆ గోడ వైపు తిరిగి పని చెయ్యి. తల పొగకి పైన పెట్టకు. చత్వారం వచ్చినవాళ్లు అతుకు కనపడక మరీ వంగిపోతారు, కళ్లద్దాలు చేయించుకుంటే సగం పొగ తప్పుతుంది.

షట్టరు దించడం మానాలంటే జల్లు రాకుండా ముందు మూడడుగుల రేకు చూరు దించు. నువ్వే వెల్డరువి, ఒక పూట పని. లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే ఎంత పెద్ద ఎగ్జాస్టు పెట్టినా తిరుగుతుంది గానీ లాగదు. వెనక ఇల్లుందన్నావు కాబట్టి గోడకి ఫ్యాను పెట్టి వాళ్ల మీదకి వదలకు. వెనక మూల నుంచి గొట్టం రేకు పైకి తీసుకెళ్లి, వాళ్ల కిటికీ కన్నా ఎత్తులో వదులు. గొట్టం పొడవైతే మామూలు రెక్కల ఫ్యాను గాలిని నెట్టలేదు, బ్లోయరు కావాలి. దాని నోటికి ఆరంగుళాల మడత గొట్టం తగిలించి, రేకుతో చిన్న గరాటు చేసి, అతుకు దగ్గరికి జరుపుకునేలా వేలాడదీయి. దగ్గరికి అంటే జానెడు లోపు. గాలి ఊది జానెడు దూరంలో దీపం ఆర్పగలం, పీల్చి ఆర్పలేం కదా. ఆరంగుళాల గొట్టం నోటి దగ్గర ఎంత లాగుడు ఉంటుందో, ఆరంగుళాలు వెనక్కి వస్తే అందులో పదో వంతే మిగులుతుంది. అడుగున్నర దూరంలో పెడితే కరెంటు ఖర్చే తప్ప పొగ పోదు. అగరొత్తి వెలిగించి నువ్వే చూసుకో, పొగ ఎక్కడి నుంచి గరాటు వైపు వంగుతోందో ఆ లోపల పని చెయ్యి. రాడ్డు వెల్డింగుకి ఈ గాలి ఇబ్బంది పెట్టదు. రాడ్డు బదులు తీగతో, చుట్టూ గ్యాసు వదులుతూ అతికే మిగ్ మెషీను కొంటే మాత్రం గాలి నేరుగా అతుకు మీద పడనీయకు, గ్యాసు చెదిరిపోయి అతుకంతా బెజ్జాలు పడతాయి.

తువ్వాలు, తడిదైనా పొడిదైనా, ఈ పొగను ఆపదు. ఎన్95 కొను, హెల్మెట్టు కింద పడుతుంది. ముక్కు మీది తీగ నొక్కి, రెండు పట్టీలూ తల వెనకే వేసుకోవాలి. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది. పీల్చడం బరువైతే మార్చేయాలి. రోజూ జీఐ పనే అయితే ఫిల్టర్లు మార్చుకునే రబ్బరు మాస్కు ఇంకా మేలు. పాలు, బెల్లం తింటే తిను, ఒంటికి బలం. కానీ అవి పోయేది కడుపులోకి, పొగ పోయేది ఊపిరిలోకి. మేం ముప్పై నాలుగేళ్లు మేస్త్రీ ఇచ్చిన పాలు తాగాం. ఆ డబ్బుతో మాస్కులు కొనిపెట్టి ఉంటే ఎంత బాగుండేదో ఇప్పుడు అనిపిస్తుంది.

ల్యాబు పని, జయపురం:

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. నాది రక్తపరీక్షల పని కాబట్టి ఒక్క మాట చేరుస్తాను. పొగ జ్వరమని తెలిసింది కదా అని మలేరియా పరీక్ష మానేయవద్దు. రాయగడ, కొరాపుట్, మల్కనగిరి వైపు ఫాల్సిపారం అనే రకం మలేరియా ఉంది, అది ఆలస్యమైతే ప్రాణం మీదకి తెస్తుంది. చలిజ్వరం వచ్చిన ప్రతిసారీ ఆశా దీదీ దగ్గరైనా సరే, వేలి నుంచి చుక్క రక్తం ఇచ్చి చూపించుకోండి. పదిహేను ఇరవై నిమిషాల పని. పొగ జ్వరంలో తెల్ల రక్తకణాలు పెరుగుతాయి, ఆ అంకె చూసి ఏదో ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాసే అవకాశం ఉంది. అందుకే డాక్టరుతో మొదటి మాటగా "ఈ రోజు జీఐ పైపు వెల్డింగు చేశాను" అని చెప్పండి. ఏ పని చేస్తారని చాలామంది అడగరు, మీరే చెప్పాలి.

రెండో రోజు కూడా జ్వరం దిగకపోయినా, దగ్గు పెరిగినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, పెదాలు నీలంగా మారినా ఇంట్లో చూద్దామని ఉండకండి. వెంటనే ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.

గుణుపురం గ్రిల్స్:

గురువుగారూ, మీరు రాసింది ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. పైపు కొస సంగతి విని బావమరిది నోట మాట రాలేదు. వాడిని అక్కడ నిలబెట్టింది నేనే. రెండు రోజులుగా నాకు అదే బాధగా ఉంది.

అగరొత్తి పరీక్ష నిన్ననే చేశాం. మీరు చెప్పినట్టే పొగ తిరిగి నా మొహం మీదకే వచ్చింది. బల్ల పక్క గోడకి మార్చేశాను. ఎన్95 ఒక డబ్బా తెప్పించాను. చూరుకి పైపు కోశాం, రేకు రావాలి. బ్లోయరు బరంపురంలో పాతది ఒకటి చూశాను, వచ్చే వారం తెస్తాను.

ల్యాబు అన్నగారికి కూడా ధన్యవాదాలు. ఇంకో రెండు సంగతులు అడగాలి. వచ్చే నెల ఒక పాత లారీ ఛాసిస్ కటింగుకి వస్తోంది, మొత్తం పెయింటే, ఎర్ర ప్రైమరు. గ్యాసుతో కోయాలి. ఇంకొకాయన డీజిలు డ్రమ్ములు నాలుగు తెచ్చి, కోసి తొట్లు చేసి పెట్టమంటున్నాడు. వీటికి కూడా మాస్కు వేసుకుంటే చాలా?

పాత కట్టరు, రాయగడ:

బాధపడకు బాబూ. నేను కూడా ఎంతోమంది కుర్రాళ్లని అలాగే కొస దగ్గర నిలబెట్టాను, నాకు చెప్పినవాడు లేడు.

ముందు డ్రమ్ముల సంగతి. వాటిని ఇప్పుడున్నట్టుగా కోయకు. ఖాళీ డ్రమ్మే ఎక్కువ ప్రమాదం. అడుగున చెంచాడు డీజిలు మిగిలినా చాలు, మంట తగిలి వేడెక్కితే ఆవిరై డ్రమ్మంతా నిండుతుంది, ఒక్క నిప్పురవ్వకి మూత ఎగిరి మనిషిని చంపుతుంది. బాగా కడిగించు, మూతలు రెండూ తీసి ఉంచు, కోసే గీత కింది దాకా నీళ్లు నింపు. అయినా గ్యాసు వద్దు, ఉలి సుత్తితో కోయడం మేలు. నన్నడిగితే ఆ పని తీసుకోవద్దంటాను. లోపల ఇంతకుముందు ఏం పోశారో తెచ్చినాయనకే తెలియకపోవచ్చు.

ఛాసిస్ మీది ఎర్ర ప్రైమరు రెండు రకాలు. ఒకటి రెడ్ ఆక్సైడు, అది ఇనుప తుప్పు రంగే. రెండోది పాత బళ్ల మీద ఉండే సీస సింధూరం, అందులో సీసం ఉంటుంది. కంటితో చూసి ఏదో చెప్పలేం కాబట్టి సీసమే అనుకుని పని చెయ్యి. కోసే గీతకి అటూ ఇటూ నాలుగంగుళాలు పెయింటు గీకెయ్యి, పొడి గ్రైండింగ్ కాకుండా తడిపి, స్క్రాపరుతో. షాపులో కోయకు, బయట ఖాళీ స్థలంలో గాలి వాటం చూసుకుని కోయి. ఆ రోజు వేసుకున్న బట్టలతో ఇంటికి వెళ్లి పిల్లల్ని ఎత్తుకోకు. సబ్బుతో చేతులు కడుక్కోకుండా బీడీ, పాన్, అన్నం ఏదీ ముట్టుకోవద్దు. సీసం పిల్లల మెదడుకి చేసే చెరుపు తిరిగి బాగుపడదు. బాబూ, ఈ ఒక్క మాట మాత్రం తప్పకు.

ఛాసిస్ బోల్టుల్లో బంగారు ఛాయ ఉన్నవి కనపడితే వాటి మీద మంట పెట్టకు. చాలావాటికి ఉండేది జింకే, కొన్నిటికి క్యాడ్మియం పూత ఉంటుంది. రెండింటికీ అదే పసుపు మెరుగు. క్యాడ్మియం పొగకి పెద్దగా ఘాటు ఉండదు. రాత్రి వచ్చేది ఇదే చలి, ఇదే జ్వరం. కానీ తెల్లారితే దిగదు, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, మనిషి పోతాడు. ల్యాబు తమ్ముడు రెండో రోజు సంగతి చెప్పింది అందుకే. స్పానరుతో రాకపోతే హాక్‌సాతో కోసెయ్యి. ఫ్రిజ్జు, ఏసీ రాగి గొట్టాలకి వాడే వెండి రాడ్లలో కూడా కొన్నిట్లో క్యాడ్మియం ఉంటుంది, డబ్బా మీద చదివి లేనిదే కొనుక్కో.

గ్రీజు పోవడానికి స్ప్రే డబ్బాలు వస్తున్నాయి, బ్రేకు క్లీనర్లు. వాటిలో కొన్నిట్లో క్లోరిన్ ఉన్న మందు ఉంటుంది. అది కొట్టి, ఆరకుండా ఆర్కు పెడితే ఆ వెలుగుకీ వేడికీ ఫాస్జీన్ అనే గ్యాసు పుడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల మీద వదిలిన గ్యాసు అదే. గ్రీజు తీయాలంటే సబ్బు నీళ్లు, పొడి గుడ్డ. ఎండాకే వెల్డింగు.

చెప్పకపోతే నాకు నిద్రపట్టనిది ఇంకోటి ఉంది. ఎండాకాలం ట్యాంకు లోపలో, లారీ కింద గోతిలోనో గాలి ఆడక, ఆక్సిజన్ గొట్టం విప్పి మొహం మీదకి వదులుకోవడం నేను చూశాను. నేనూ ఒకసారి చేశాను, దేవుడి దయ వల్ల బతికాను. ఆక్సిజన్ బట్టల్లోకి ఇంకుతుంది. ఆ తర్వాత ఒక్క రవ్వ పడితే చొక్కా కాగితంలా భగ్గుమంటుంది, ఆర్పేలోపు ఒళ్లు పోతుంది. గాలి కావాలంటే గాలే, ఫ్యానుతో. ఆర్గాన్, కార్బన్ డయాక్సైడు వాడే పని గోతిలో పెట్టుకోకు. అవి గాలి కన్నా బరువు, అడుగున చేరతాయి, వాసన ఉండదు. గాలిలో ఆక్సిజన్ 21 పాళ్లు ఉంటుంది, 19.5 కన్నా తగ్గిందంటే అది మనిషి దిగే చోటు కాదు. ఎన్95 ఇక్కడ ఎందుకూ పనికిరాదు, అది ధూళిని ఆపుతుంది గానీ లేని ఆక్సిజన్ తెచ్చిపెట్టదు. ఒకడు కింద పడ్డాడని ఇంకొకడు దూకితే ఇద్దరూ పోతారు.

స్టీలు రెయిలింగులు చేస్తున్నానన్నావు. దాని పొగ తెల్లగా కనపడదు, జ్వరం రాదు, అందుకని మనవాళ్లకి లెక్కలేదు. అందులో క్రోమియం ఉంటుంది, వేడికి అది క్యాన్సర్ తెచ్చే రూపంలోకి మారుతుంది. చవకగా వచ్చే 202 స్టీలులో నికెల్ తగ్గించి మాంగనీసు ఎక్కువ కలుపుతారు. కాబట్టి బ్లోయరు వచ్చాక గరాటు జీఐకే కాదు, స్టీలుకి కూడా దగ్గర పెట్టు.

గుణుపురం గ్రిల్స్:

గురువుగారూ, అందరికీ నమస్కారం. మూడు వారాలయింది, సంగతులు చెబుదామని వచ్చాను.

డ్రమ్ములు తెచ్చినాయనకి వద్దని చెప్పేశాను, వేరే చోటికి తీసుకెళ్లాడు. మీరు రాసిందంతా ఆయనకీ చెప్పాను, అక్కడ కోసేవాళ్లకి చెప్పమన్నాను. ఛాసిస్ పని వాన వెలిశాక పెట్టుకుందామన్నాను, ఆ లారీ ఆయన ఒప్పుకున్నాడు.

చూరు దించాం. ఇప్పుడు ఎంత వానలోనూ షట్టరు పూర్తిగా ఎత్తే ఉంటోంది. బ్లోయరు బిగించి, గొట్టం వెనక మూల నుంచి రేకు పైకి తీశాం. మొదటిరోజు వెనకింటి పెద్దమ్మ వచ్చి మీ పొగ మా డాబా మీద ఆరేసిన బట్టల మీదకి వస్తోందని అంది. ఇంకో నాలుగడుగులు పైకి పెంచాం. ఇప్పుడు రావడం లేదంది.

జింకు గీకి అతికితే నిజంగానే ఆ తెల్ల పొగ పావలా వంతు కూడా లేదు. మొన్న సోమవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా జీఐ పనే చేశాం. రాత్రి తొమ్మిదింటికి నా భార్య వచ్చి నా నుదురు, బావమరిది నుదురు పట్టుకు చూసింది. పదింటికి మళ్లీ చూసింది. ఏమీ లేదు. నోట్లో ఆ తీపి కూడా లేదు. ఇద్దరం అన్నం తిని పడుకున్నాం.

రేటు విషయంలో మాత్రం కొంచెం ఇబ్బందిగా ఉంది. గీకడానికి, జింకు పెయింటుకి కలిపి చెబితే ఇద్దరు వేరే షాపుకి వెళ్లిపోయారు. ఒకాయనకి అతుకు కోసి లోపల చూపించాను, బెజ్జాలు ఉన్నదీ లేనిదీ పక్కపక్కన పెట్టి. ఆయన ఒప్పుకున్నాడు. ఇకనుంచి ఆ రెండు ముక్కలూ షాపులోనే పెట్టుకుంటాను.

గరాటు లోపల తెల్లటి బూడిద పేరుకుంటోంది. దాన్ని గాలి కొట్టి ఊదకుండా తడిగుడ్డతో తుడిచి, కవరులో కట్టి పడేస్తున్నాం. బావమరిది మాస్కు కోసమని గడ్డం తీసేశాడు. గొట్టం అవతలి బల్ల దాకా అందడం లేదు. ఇంకో మూడడుగులు పెంచితే లాగుడు తగ్గుతుందా, లేక బల్లే ఇటు జరపాలా, మీరు చెబితే ఈ ఆదివారం ఆ పని చూస్తాం.

పాత కట్టరు, రాయగడ:

బల్లే జరుపు బాబూ. గొట్టం ఎంత పొడవైతే, ఎన్ని మడతలు పడితే అంత లాగుడు తగ్గుతుంది. జరిపాక అగరొత్తితో మళ్లీ ఒకసారి చూసుకో.